రెట్టింపు అంటూ వచ్చే మెయిల్‌ను ఎవరు ఆపాలి?

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. 'ఏటా లక్ష చొప్పున పదేళ్లు కట్టండి, గ్యారంటీగా రెట్టింపు అందుకోండి' అని ఒక బీమా కంపెనీ పంపిన మెయిల్ చూసి పాలసీ తీసుకున్నారు. ఆ 20 లక్షలు వచ్చేది 20వ ఏడాది చివర అని మొన్న బాండు వచ్చాక తెలిసింది. ఇలాంటి మెయిళ్లను జీమెయిల్ వాళ్లే ఆపేయొచ్చు కదా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు బాండు సంగతి చూద్దాం. అది చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజులు ఫ్రీలుక్ గడువు ఉంటుంది. 2024కు ముందు మామూలుగా 15 రోజులే ఉండేది. ఆలోపు పాలసీ వద్దని రాసిస్తే స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమా రక్షణకు రిస్కు ప్రీమియం పట్టుకుని మిగతాది వెనక్కి ఇస్తారు. ఏజెంటుకు ఫోన్ చేసి ఊరుకోకండి. 'వచ్చే వారం మాట్లాడదాం సార్' అంటూనే గడువు దాటించేస్తారు. కంపెనీకి మెయిల్ పెట్టండి, బ్రాంచిలో లెటర్ ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

రెట్టింపు అన్నది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. లెక్క కడితే ఏడాదికి పడే రాబడి దాదాపు 4.5 శాతం. అదే డబ్బుకు పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు పథకంలోలా 7.1 శాతం వస్తే 20వ ఏడాదికి 29 లక్షలు దాటుతుంది. మెయిల్లో 'రెట్టింపు' బొటనవేలంత అక్షరాల్లో, '20వ ఏడాది' చీమ తలకాయంత.

ఇక మీరడిగింది. ఆపకూడదనే అంటాను. జీమెయిల్‌కు నకిలీ పంపేవాళ్లను పట్టుకోవడం తెలుసు కానీ, 4.5 శాతం మంచి బేరమో కాదో తేల్చే పని దానికి అప్పగించలేం. పైగా ప్రీమియం గడువు గుర్తుచేసే మెయిలూ ఆ కంపెనీ నుంచే వస్తుంది. నేనోసారి విసుగెత్తి ఓ కంపెనీ మెయిళ్లను స్పామ్‌లో పడేశాను. రిమైండర్ కూడా అక్కడికే పోయింది. గడువు దాటాక కూడా కట్టుకోనిచ్చే 30 రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఇంకో రెండు రోజులున్నాయనగా చూసుకుని కట్టాను.

జీమెయిల్ అసలేమీ చేయడం లేదని కాదు. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ప్రకటనల్లో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలని 2024లో నిబంధన పెట్టింది. స్పామ్ ఫిర్యాదులు కూడా 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యికి ముగ్గురు. కాబట్టి నాన్నగారి ఫోన్లో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. ఏ సంబంధమూ లేని కంపెనీలు పంపేవైతే మొహమాటం లేకుండా స్పామ్ అనే కొట్టండి.

ఇంకొక్క మాట. కొరియర్ రాకముందే ఈ-పాలసీ మెయిల్లో వచ్చి ఉంటే కంపెనీ ఆ తేదీ నుంచే 30 రోజులు లెక్కపెట్టొచ్చు. ఈ రాత్రే నాన్నగారి ఇన్‌బాక్స్ వెతకండి, ప్రమోషన్స్ ట్యాబ్‌తో సహా.