‘స్వర్గస్థులైనారు’, ‘పరమపదించారు’ – రెండూ ఒకటేనా?

సందేహం: మా నాన్నగారు గత నెలలో చనిపోయారు. బడిపంతులుగా పనిచేశారు. దేవుణ్ణీ, పరలోకాన్నీ నమ్మేవారు కారు. ‘పోయాక ఏముందమ్మా, మట్టి మట్టిలో కలుస్తుంది’ అనేవారు. సంస్మరణ సభకు కార్డు వేయించబోతే ప్రెస్సువారు ‘కీ.శే.’ అని మొదలుపెట్టి ‘స్వర్గస్తులైనారు’ అని కూర్చి ఇచ్చారు. వైష్ణవ కుటుంబం నుంచి వచ్చిన మా అమ్మ ‘పరమపదించారు’ అని ఉండాలంటోంది. అన్నయ్యేమో ‘ఆత్మకు శాంతి కలగాలని’ అన్న మాట చేర్చమంటున్నాడు. ఈ మాటలన్నిటి అర్థం ఒకటేనా? నాన్న నమ్మకానికి భంగం కలగని మాట తెలుగులో ఉందా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ముందుగా మీ నాన్నగారికి నా నివాళి. మీరు అడిగిన మాటలన్నీ ఒకే సంఘటనను చెబుతాయి గాని, వాటి అర్థాలు ఒకటి కావు. మనిషి పోయాక ఎక్కడికి చేరతాడన్న ప్రశ్నకు ఒక్కొక్క మాట ఒక్కొక్క జవాబు చెబుతుంది. వాడుకలో అరిగిపోవడం వల్ల ఆ జవాబు మనకు వినపడడం మానేసింది. మీకు వినపడింది కాబట్టే ఈ సందేహం వచ్చింది.

మొదట అక్షరదోషం సంగతి. ‘స్వర్గస్తులు’ తప్పు, ‘స్వర్గస్థులు’ ఒప్పు. ఉండడం అనే అర్థమున్న ‘స్థా’ ధాతువు నుంచి వచ్చిన ‘స్థ’ ఇది. గృహస్థుడు, తటస్థుడు, మధ్యస్థం అన్న మాటల్లో ఉన్నదీ ఇదే. పట్టుబడినవాడు అనే అర్థంలో రోగగ్రస్తుడు, చింతాగ్రస్తుడు అన్నప్పుడు మాత్రం ‘త’కు ఒత్తు ఉండదు, ఎందుకంటే అక్కడున్నది ‘గ్రస్త’ శబ్దం. కార్డు అచ్చుకు వెళ్ళేలోగా ఈ ఒక్క అక్షరమైనా సరిచేయించండి.

ఇక అర్థం. స్వర్గంలో ఉన్నవాడు స్వర్గస్థుడు. అయితే మన శాస్త్రాల ప్రకారం స్వర్గం శాశ్వత నివాసం కాదు. విశాలమైన స్వర్గలోకాన్ని అనుభవించినవారు పుణ్యం క్షీణించగానే తిరిగి మర్త్యలోకానికి వస్తారని భగవద్గీత తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. పరమపదం అలాంటిది కాదు. అది విష్ణువు ఉండే అత్యున్నత స్థానం, ఋగ్వేదంలోనే ‘విష్ణోః పరమం పదమ్’ అని వినిపించే మాట. చేరినవారు మళ్ళీ వెనక్కి రాని చోటు అది. చిన్నప్పుడు మనం ఆడుకున్న వైకుంఠపాళికి పరమపద సోపాన పటమనే పేరు ఉండడం గుర్తుచేసుకోండి. నిచ్చెనలెక్కుతూ, పాముల నోట పడుతూ, చిట్టచివరికి చేరవలసిన గడి ఆ పరమపదమే. కాబట్టి స్వర్గస్థులైనారు అంటే ఆయన మళ్ళీ పుట్టవలసినవారని, పరమపదించారు అంటే ఇక పుట్టనక్కరలేనివారని అర్థం. పత్రికల్లోని సంతాప ప్రకటనల్లో ఒకే మనిషికి ఈ రెంటినీ ఒకే వాక్యంలో వాడడం నేను చూశాను; అది పొసగదు. శైవులు శివైక్యమని, వీరశైవులు లింగైక్యమని అనడం కూడా ఇటువంటిదే. వాటిలో వెళ్ళిన చోటు కంటే కలిసిపోవడం ముఖ్యం.

పరమపదించు అన్న క్రియ మీద పూర్వం నుంచీ కొందరికి అభ్యంతరం ఉంది. స్థలవాచకానికి ‘ఇంచు’ చేర్చి క్రియ చేయడమేమిటని వారి వాదన. స్వర్గించారు, వైకుంఠించారు అని మనం అనం కదా. కాని పరమపదించు వాడుకలో నిలదొక్కుకున్న మాట. దాన్ని తప్పనడం నా మట్టుకు నాకు ఉచితంగా తోచదు.

సంతాప ప్రకటనల్లోనే కనిపించే మరో చిక్కు నిర్యాణం, నిర్వాణం అనే జంట. యకారానికి వకారం పడితే మతమే మారిపోతుంది. నిర్యాణం అంటే బయలుదేరి వెళ్ళిపోవడం. ఎవరి విషయంలోనైనా గౌరవంగా వాడవచ్చు. నిర్వాణం అంటే ఆరిపోవడం, దీపం ఆరినట్టు. తృష్ణ ఆరిపోవడాన్ని చెప్పే బౌద్ధుల పరిభాష అది. అంబేడ్కర్ వర్ధంతిని, డిసెంబరు 6ను, మహాపరినిర్వాణ దినమని పాటించడం అందుకే. ఇంట్లో దీపం ఆరిపోయిందనడానికి కూడా మనసొప్పక ‘కొండెక్కింది’ అనే తెలుగువాళ్ళు, మనిషి చావుకు ఆరిపోవడమనే మాటను తెలియక వాడేస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

ఇతర మతాల్లోనూ ఇంతే. ‘ప్రభువునందు నిద్రించారు’ అనే తెలుగు క్రైస్తవుల వాక్యంలో పునరుత్థానం మీద విశ్వాసమంతా ఇమిడి ఉంది, నిద్రించినవారు మేల్కొనవలసినవారే కాబట్టి. ముస్లింలు చెప్పే ‘ఇంతెకాల్’ అరబ్బీ మాట. దాని అర్థం ఒకచోటి నుంచి మరొకచోటికి మారడం.

ఇవన్నీ అయ్యాక అచ్చతెలుగు వైపు చూస్తే నాకెప్పుడూ ఆశ్చర్యమే. ‘చను’ అంటే వెళ్ళు, ‘పోవు’ అన్నా వెళ్ళు. చనిపోవు అన్న మాటలో వెళ్ళడం రెండుసార్లు ఉంది గాని, ఎక్కడికి అన్నది ఒక్కసారి కూడా లేదు. నేడు దయ్యమన్న అర్థంలో భయపెడుతున్న సంస్కృతపు ‘ప్రేత’ కూడా మొదట ఇంతే. ప్ర, ఇత కలిసిన ఆ మాటకు ముందుకు వెళ్ళినవాడని మాత్రమే అర్థం. పది రోజుల పిండాలూ, పన్నెండో నాటి సపిండీకరణమూ ఆ వెళ్ళినవాణ్ణి పితృదేవతల వరుసలో కలపడానికి. అంటే కర్మకాండ ప్రకారం పన్నెండో రోజు దాకా ఆయన ఇంకా దారిలోనే ఉన్నారన్నమాట. పదో రోజున పంచే కార్డులో స్వర్గస్థులైనారనడం ఆ లెక్కకూ కుదరదు.

మీ అన్నగారి మాటకు వస్తాను. ఆత్మకు శాంతి అనడం తప్పనీ, ఆత్మ నిర్వికారమైనది గనుక దానికి అశాంతి ఉండదనీ కొందరు పండితులు కొట్టిపారేస్తారు. నేను అంత కటువుగా చెప్పను. ఆత్మ శబ్దానికి ప్రయత్నం, ధైర్యం, బుద్ధి, స్వభావం, బ్రహ్మం, చివరికి దేహం అనే అర్థాలు కూడా ఉన్నాయని అమరకోశం నానార్థవర్గం చెబుతోంది. ఆకలేస్తే ‘ఆత్మారాముడు గోల పెడుతున్నాడు’ అనే జాతికి ఆత్మ అంటే వేదాంతంలోని ఆత్మ ఒక్కటే కాదు. అయినా మీ నాన్నగారి విషయంలో ఆ వాక్యం అక్కరలేదు. పరలోకాన్ని నమ్మేవారి కోసం ప్రార్థించడానికైతే ‘సద్గతి కలగాలని’ అన్న పాత మాట ఇంతకంటే సూటిగా ఉంటుంది.

‘కీ.శే.’ను మాత్రం తీయించకండి. కీర్తి శేషంగా గలవాడు కీర్తిశేషుడు, బహువ్రీహి సమాసం. స్త్రీలకు కీర్తిశేషురాలు. ఇందులో పైలోకం ఊసే లేదు. మిగిలినదేదో ఇక్కడే, చదువు చెప్పించుకున్న పిల్లల్లో, మిగిలిందంటుంది. అయితే ఇప్పటికే చనిపోయినవారి పేరుకు ముందు పెట్టే మాట అది. చనిపోయిన సంగతి తెలియజేసే వాక్యంలో దాన్ని పెడితే ఒకే విషయం రెండుసార్లు చెప్పినట్టవుతుంది. అందువల్ల ‘కీ.శే. ఫలానావారి సంస్మరణ సభ’ అని శీర్షికలో ఉంచి, లోపలి వాక్యంలో పేరు మాత్రం రాయండి.

ఆ వాక్యంలో క్రియ ఏది పెట్టాలన్నది మీ అసలు ప్రశ్న. ‘కాలం చేశారు’ చక్కని మాట. పాళీ బౌద్ధ గ్రంథాల్లో కూడా చనిపోవడాన్ని ‘కాలం కరోతి’ అనే అంటారు. దానికంటే నాకు ‘కన్నుమూశారు’ నచ్చుతుంది. మంచం పక్కన కూర్చున్నవాళ్ళు కళ్ళారా చూసినదేదో అంతవరకే చెప్పి ఆ మాట ఆగిపోతుంది. మీ నాన్నగారు బతికుంటే దానికి అభ్యంతరం చెప్పరు.

అమ్మగారి మాటను కాదనమని మాత్రం మీకు చెప్పలేను. పోయినవారిని గురించి మనం వాడే క్రియలో కనబడే నమ్మకం, ఆ మాట పలికేవారిది. ఆమె తన భర్త పరమపదించారని అంటే, అది ఆయన మీద రుద్దిన విశ్వాసం కాదు, ఆమె మనసులో ఆయన కోసం కట్టుకున్న చోటు. కార్డులో ఇంటిల్లిపాది తరఫున పడే వాక్యం ‘కన్నుమూశారు’ అని ఉండనివ్వండి. సభలో ఆమె రెండు మాటలు మాట్లాడినప్పుడు ‘పరమపదించారు’ అంటే ఎవరూ సరిదిద్దకండి.