మొహమాటానికి హద్దు ఎక్కడ?

ప్రశ్న: మేడమ్, నా వయసు 36. ఒక కంపెనీలో టీమ్ లీడ్‌ని. మీటింగ్‌లో మా మేనేజర్ "రెండు వారాల్లో అయిపోతుందిగా?" అంటారు. అవ్వదని తెలిసీ "అయిపోతుంది సార్" అనేస్తాను. ఆ తర్వాత మా టీమంతా రాత్రిళ్లు కూర్చోవాల్సి వస్తుంది. ఇంటికొచ్చాక మావారు "ఏమైంది, అలా ఉన్నావు?" అని అడిగితే "ఏం లేదులే" అంటాను. మొన్న నా స్నేహితురాలు "ఇన్నేళ్లయినా నీ మనసులో ఏముందో నాకు తెలీదే" అంది. నేను నటిస్తూ బతుకుతున్నానా? ఉన్నదంతా చెప్పేస్తే ఉద్యోగం, కాపురం నిలుస్తాయా?

జవాబు: ఉన్నదంతా చెప్పక్కర్లేదమ్మా. నోటికొచ్చింది అనేసి "నేను ఉన్నదున్నట్టు మాట్లాడతాను" అనేవాళ్లను చూస్తూనే ఉంటాం. దాన్ని నేను నిజాయితీ అనుకోను, ఎదుటివాళ్లంటే లెక్కలేకపోవడం అంటాను. డొనాల్డ్ విన్నికాట్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు 1960లో మనిషి అసలు స్వరూపం గురించీ పైకి కనిపించే స్వరూపం గురించీ రాశారు. ఆ పైపొర ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటుందనీ, వాళ్లలో అది మర్యాదగా కనిపిస్తుందనీ ఆయన అభిప్రాయం. అందుకని, ఇష్టం లేని పలకరింపుకి నవ్వి ఊరుకోవడాన్ని కూడా నటన కింద జమకట్టుకుని బాధపడకండి.

"అయిపోతుంది సార్" మాత్రం మర్యాద కిందకి రాదు. అది తప్పుడు సమాచారం. మీ మాట నమ్మి ఆయన ఇంకెవరికో మాటిస్తారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. మొహమాటం మీది, నిద్ర పోగొట్టుకుంటున్నది మీ టీమ్.

ఈసారి ఆ ప్రశ్న రాగానే అవునని గానీ కాదని గానీ అనకండి. "సాయంత్రంలోగా చూసుకుని చెప్తాను సార్" అనండి. అలవాటుగా నోట్లోంచి జారే 'సరే'ని ఆపుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. ఈలోగా పని చేసేవాళ్లనే కూర్చోబెట్టి, ఏ ముక్కకి ఎన్ని రోజులు పడుతుందో అడగండి. తర్వాత మెయిల్ పెట్టండి: "మొదటి భాగం టెస్టింగ్‌తో సహా రెండు వారాల్లో ఇవ్వగలం. రిపోర్టులు కూడా కలిపి కావాలంటే నాలుగు వారాలు పడుతుంది. ఏది ముందు కావాలో చెప్పండి." ఇందులో ఎదిరించడం లేదు, బతిమాలడం లేదు. నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది, కాకపోతే ఈసారి నిజం తెలిసి తీసుకుంటారు.

ఇక ఇంటి విషయం. లోపల ఒకటి, పైకి ఒకటిగా రోజంతా నెట్టుకురావడం తేలికైన పని కాదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లను పరిశీలించి, జీతం కోసం మొహాన్నీ భావాలనూ అదుపులో పెట్టుకోవడం కూడా శ్రమేనని 1983లో వివరించారు. మీరు ఆ శ్రమంతా చేసొచ్చి గుమ్మంలో అడుగుపెడుతున్నారు. "ఏం లేదులే" అన్నది మీవారిని మోసం చేయడమని నాకనిపించడం లేదు, ఓపిక అయిపోయి అంటున్న మాట. కానీ వినేవాళ్లకి అది తలుపు వేసేసినట్టే ఉంటుంది. "ఆఫీసులో టెన్షన్‌గా ఉంది, ఇప్పుడు మాట్లాడలేను, భోజనమయ్యాక చెప్తాను" అనండి. అన్నాక తప్పకుండా చెప్పండి. ఆయన వెంటనే సలహాలు మొదలుపెడితే "ముందు వినండి చాలు" అనడానికి సంకోచించకండి.

స్నేహితురాలు నిష్ఠూరమాడిందనుకోకండి. ఇన్నేళ్లు ఆగి అడిగింది, తెలుసుకోవాలనే అడిగింది. నాకు రాసిన ఈ నాలుగు మాటలూ ఆమెకి చెప్పొచ్చు.

ఉద్యోగం పోతుందన్న భయాన్ని నేను కొట్టిపారేయను. ఇంటి ఖర్చులు మీ జీతం మీదే నడుస్తుంటే ఆ భయం న్యాయమైనదే. అందుకే పెద్ద గొడవతో మొదలుపెట్టకుండా, ఒక చిన్న పని గడువు దగ్గర నిజం చెప్పి చూడండి. చాలామంది మేనేజర్లు ఆఖరి రోజున తెలియడం కంటే ముందే తెలియడాన్ని ఇష్టపడతారు. లెక్కలు ముందుపెట్టినా కసురుకునే మనిషైతే, నెమ్మదిగా ఇంకో ఉద్యోగం చూసుకోండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పకండి. దాన్ని నేను నటన అనను.