ఇద్దరూ నచ్చనప్పుడు ఓటు ఎవరికి?

(డొనాల్డ్ ట్రంప్, కమలా హ్యారిస్ పోటీపడిన 2024 నవంబరు అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు నాటి ప్రశ్న, జవాబు ఇవి.)

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. పెళ్లయ్యాక అమెరికా వచ్చి, ఇప్పుడు నార్త్ కరొలైనాలోని క్యారీలో ఉంటున్నాను. పౌరసత్వం వచ్చిన తరువాత దేశాధ్యక్ష పదవికి ఓటు వేయబోవడం ఇదే మొదటిసారి. నాకు ట్రంప్ నచ్చరు, హ్యారిస్ మీద నమ్మకం కుదరడం లేదు. మావారు ట్రంప్ పక్షం. ట్రంప్‌తో కలిసి ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉష మా అత్తవారి వైపు జిల్లా అమ్మాయేనని, మనవాళ్లకు వేయకపోతే ఎలా అని అంటారు. కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి హ్యారిస్ పక్షం. నేను అటు వేయకపోతే ఆడదానినై ఉండి ఆడవాళ్లకు ద్రోహం చేసినట్టేనంటాడు. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. పోస్టులో బ్యాలెట్లు తెప్పించి అందరం ఒక్కచోట కూర్చుని నింపేద్దామని మావారి పట్టు. విడిగా వెళ్లి వేస్తానంటే, వేసిన కాగితం ఫొటో తీసి చూపించమన్నారు. ఇండియాలో అయితే నోటా నొక్కి వచ్చేదాన్ని. ఇక్కడ అసలు వెళ్లకుండా ఉండిపోతే తప్పా? మూడో పార్టీకి వేస్తే వృథాయేనా? వేసి వచ్చాక ఇంట్లో అడిగితే ఏం చెప్పాలి?

– ఒక సోదరి, క్యారీ

జవాబు: మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదివి చూసుకోండి. అభ్యర్థుల గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. మిగిలినదంతా భర్త గురించి, కొడుకు గురించి. ఎవరికి ఓటు వేయాలన్న సందేహం మీకు నిజంగానే ఉంది, కాదనను. కానీ ఎవరికి వేసినా ఇంట్లో ఒకరికి దూరమవుతానన్న భయం దానికి తోడై, రెండూ కలిసిపోయి, ఎటూ వెళ్లకుండా ఇంట్లో ఉండిపోవడమే మేలన్న ఆలోచనగా మారినట్టు నాకు తోస్తున్నది. కాబట్టి ముందు ఇంటి సంగతి తేల్చుకుందాం. అది తేలితే రెండోది మీరనుకున్నంత కష్టమైనది కాకపోవచ్చు.

మీ రాష్ట్రంలో పోస్టు ద్వారా ఓటు వేసేవారు ఇద్దరు సాక్షుల ఎదుటగాని, ఒక నోటరీ ఎదుటగాని బ్యాలెట్ నింపాలి. ఆ సాక్షులు చూడవలసింది మీరు స్వయంగా నింపారా లేదా అన్నదే తప్ప, ఎవరికి నింపారన్నది కాదు. కుటుంబ సభ్యులు సాయం చేయవచ్చు, అయితే ఓటరు కోరితేనే. ఇక ఫొటో మాట: ఓటు నింపిన బ్యాలెట్‌ను ఫొటో తీయడం నార్త్ కరొలైనా చట్టం ప్రకారం నిషిద్ధం. ఓటును కొనేవారికీ, బెదిరించి వేయించుకునేవారికీ రుజువు చేతికి చిక్కకూడదన్నదే ఇలాంటి నిషేధాల వెనుక ఉన్న ఆలోచన, అది మీవంటి వారికి ఇంట్లోనూ పనికివస్తుంది. మీరు మీవారితో వాదించనవసరం లేదు. ఫొటో తీయకూడదని ఇక్కడ చట్టముంది, నేను ముందస్తు ఓటింగ్‌కు వెళ్లి వేసి వస్తాను అని చెప్పి ఊరుకుంటే చాలు. పోస్టు బ్యాలెట్ ఈసరికే ఇంటికి వచ్చి ఉన్నా ఇబ్బంది లేదు. దానిని తిప్పి పంపకుండా పక్కన పెట్టి, పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటు వేయవచ్చు.

మీవారిని నేను దుర్మార్గుడిగా చూడడం లేదు. ఇల్లంతా ఒక గుర్తుకే వేయడం మన ఊళ్లలో చాలా కుటుంబాలకు అలవాటే. పైగా ఏటా పన్ను రిటర్నులు ఇద్దరి తరఫునా ఆయనే నింపుతూ ఉంటే, ఇది కూడా అటువంటి కాగితాల పనే అనుకుని ఉండవచ్చు. అలా అయితే నెమ్మదిగా, ఒక్కసారే, అబ్బాయి లేనప్పుడు చెప్పండి: ‘పన్నులు ఇద్దరికీ కలిపి కట్టవచ్చు, ఓటు మాత్రం ఎవరిది వారిదే, నాది నేనే వేసుకుంటాను.’ అది విని ఆయన నాలుగు రోజులు ముభావంగా ఉన్నా కంగారు పడకండి. అలా కాకుండా, మాట కాదంటే ఆయన ఏం చేస్తారోనన్న భయమే మీలో ఉంటే, అది ఎన్నికలతో వచ్చినదీ కాదు, ఎన్నికలతో పోయేదీ కాదు. అప్పుడు మీరు నమ్మిన స్నేహితురాలికో, మీ వైద్యురాలికో ఆ మాట చెప్పండి. నాకూ మళ్లీ రాయండి.

చుట్టరికాల వాదన గురించి రెండు మాటలు. ఉషా చిలుకూరి వాన్స్ తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారన్నదీ, కమలా హ్యారిస్ తల్లి శ్యామలా గోపాలన్ మద్రాసులో పుట్టారన్నదీ నిజాలే, విని సంతోషించవలసినవే. కానీ వాన్స్ ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డారు, ఆయన భార్య ఏ పదవికీ నిలబడలేదు. ఆడవారందరూ ఒక వైపే ఆలోచించాలన్న నియమమూ ఎక్కడా లేదు. మీ అబ్బాయి వయసులో ఉన్నవారికి ద్రోహం అన్న మాట తొందరగా నోటికి వస్తుంది, దానిని మనసుకు పట్టించుకోకండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఓటు వేయకపోవడం నేరమేమీ కాదు. ఆ దేశంలో ఓటు తప్పనిసరి చేసే చట్టం లేదు. నోటా మాత్రం మీ బ్యాలెట్ మీద ఉండదు. అమెరికా రాష్ట్రాలలో నెవాడాలో 1976 నుంచి ‘వీరిలో ఎవరూ కాదు’ అనే వరుస ఉన్నది. 2016లో అధ్యక్ష పదవికి ఆ వరుసలో పడిన ఓట్లు 28 వేలు దాటాయి, గెలిచినవారి ఆధిక్యం 27 వేల చిల్లర. అయినా గెలిచినవారు గెలిచారు. మన దేశంలోనూ అంతే కదా, 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది గాని, దానికి ఎన్ని ఓట్లు పడ్డా అభ్యర్థులలో ఎక్కువ వచ్చినవారే సభకు వెళతారు. నోటా మన అసమ్మతిని లెక్కలోకి ఎక్కిస్తుంది, అంతకు మించి ఏమీ చేయలేదు.

అయితే మీకు ఇండియాలో లేని సౌకర్యం ఒకటి అక్కడ ఉన్నది. అధ్యక్ష పదవి వరుసను ఖాళీగా వదిలేసి, మిగిలిన పదవులన్నిటికీ ఓటు వేయవచ్చు. ఆ ఓట్లన్నీ చెల్లుతాయి. అదే కాగితం మీద గవర్నరు, అటార్నీ జనరల్, రాష్ట్ర పాఠశాల విద్యకు పర్యవేక్షకులు, ఇన్సూరెన్స్ కమిషనరు, అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) దిగువ సభ సభ్యులు, రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి, ఇంకా జిల్లా స్థాయి న్యాయమూర్తుల వరకు పేర్లుంటాయి. ఒకే పార్టీకి గంపగుత్తగా వేసే పద్ధతిని మీ రాష్ట్రం ఎప్పుడో తీసేసింది కనుక ఒక్కొక్క పదవికి విడివిడిగా, కావలసిన పార్టీ వారికి వేసుకోవచ్చు. 2020లో మీ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి 53 లక్షలకు పైగా ఓట్లు పడితే, ఫలితం తేల్చిన తేడా 401 ఓట్లు. మీ ఇంటి బీమా రేట్ల విషయంలో గట్టిగా మాట్లాడగలిగే ఇన్సూరెన్స్ కమిషనరు ఎవరో తెలియకుండానే చాలామంది ఆ గడి నింపుతారు, లేదా వదిలేస్తారు. నా దృష్టిలో ఇది ఇద్దరు పెద్ద అభ్యర్థుల మీద మనం చేసుకునే చర్చలన్నిటికంటే పెద్ద నష్టం. కాబట్టి ఇంట్లో ఉండిపోకండి. అధ్యక్షుడి విషయం తేలకపోయినా సరే, వెళ్లండి.

మూడో పార్టీ మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఆ ఓటును వృథా అనడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే తన మనసులో ఉన్నవారికి వేసిన ఓటు వేసినవారికి వృథా కాదు. కానీ అక్కడి లెక్క ఎలా నడుస్తుందో తెలిసి వేయాలి. మెయిన్, నెబ్రాస్కాలు తప్ప అన్ని రాష్ట్రాలలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ పోతాయి; అధ్యక్షులెవరో చివరికి తేల్చేవి ఆ ఓట్లే. మీ రాష్ట్రానివి 16, గెలవడానికి మొత్తం మీద కావలసినవి 270. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకుని కూడా ఒక్క ఎలక్టోరల్ ఓటు సంపాదించలేకపోయారు. 2000లో ఫ్లోరిడాలో గెలుపు 537 ఓట్ల తేడాతో తేలింది. అదే రాష్ట్రంలో మూడో అభ్యర్థి రాల్ఫ్ నాదర్‌కు 97 వేలకు పైగా వచ్చాయి. మీ రాష్ట్రంలోనే అధ్యక్ష పోటీలో 2008లో తేడా 14,177 ఓట్లు. 2020లో 74 వేలు. మీరు ఒకే పార్టీ పెద్ద తేడాతో గెలుస్తూ వస్తున్న కాలిఫోర్నియాలో ఉండి ఈ ప్రశ్న అడిగి ఉంటే, మనసుకు నచ్చినట్టు వేసి రమ్మని రెండు వాక్యాలలో ముగించేవాణ్ణి. నార్త్ కరొలైనాలో ఆ స్వేచ్ఛకు ధర ఎక్కువ. బ్యాలెట్ మీద లేని పేరును మీరే రాయవచ్చు గాని, ముందుగా అర్హత పొందిన వారి పేర్లే లెక్కకు వస్తాయి. కాబట్టి కోపంతో ఎవరో ఒకరి పేరు రాసి రావడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఇద్దరిలో ఎవరు అధ్యక్షులైనా నష్టం సమానమేనని మీరు నిజాయతీగా, అలసటతో కాకుండా ఆలోచించి నమ్మితే, మూడో పార్టీకి వేయడమో ఆ వరుసను ఖాళీగా వదలడమో గౌరవనీయమైన నిర్ణయమే. ఎవరైనా తప్పుపడితే వారి మాట మీరు వినవలసిన పని లేదు. అలా కాక, ఇద్దరిలో ఒకరి వైపు వెంట్రుకవాసి మొగ్గు ఉండి, అది బయటపడితే భర్తో కొడుకో ఏమనుకుంటారోనని మూడో పేరు వెనుక దాక్కోవాలనుకుంటే, అది ఆ ఇద్దరి మీద అసమ్మతి కాదు, ఇంటి శాంతి కోసం చెల్లించుకునే కప్పం. ఈ రెంటిలో మీది ఏదో మీకే తెలియాలి.

అది తెలుసుకోవడానికి ముందుగా ఇష్టం అన్న కొలతను పక్కన పెట్టండి. ఇది ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకోవడం కాదు. ఓటు వేసినంత మాత్రాన ఆ మనిషి మాటలకూ నడతకూ మీరు పూచీ పడినట్టు కాదు. మీ బ్యాలెట్ అడుగుతున్నది ఒక్కటే: వచ్చే నాలుగేళ్లు ఆ కార్యాలయం ఎవరి చేతిలో ఉండాలి? అందుకని అధ్యక్షులు నిజంగా తమ చేతితో చేయగలిగే పనులేవో చూడండి. ఫెడరల్ న్యాయమూర్తులను జీవితకాలానికి నియమించడం (సెనేట్ ఆమోదంతో), విదేశాంగ విధానం, సైన్యం మీద అధికారం, కాంగ్రెస్ ఇచ్చిన అధికారం మేరకు దిగుమతి సుంకాలు, వలస చట్టాలను ఎంత కఠినంగా అమలు చేయాలన్న నిర్ణయం, క్షమాభిక్ష: ఇవి ప్రధానంగా వారి చేతిలో ఉంటాయి. మన కుటుంబాలలో ఎక్కువగా వినబడే గ్రీన్‌కార్డు బాధ మాత్రం వేరు. కుటుంబ, ఉద్యోగ కోటాలలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఒక్కొక్క దేశానికి 7 శాతానికి మించకూడదన్న పరిమితి చట్టంలో ఉన్నది. కాంగ్రెస్ ఆ చట్టాన్ని మార్చనిదే, వైట్‌హౌస్‌లో ఎవరున్నా ఆ పరిమితి మారదు. ఆ సమస్యే మీకు ముఖ్యమైతే మీరు శ్రద్ధగా చదవవలసింది దిగువ సభకు పోటీ చేస్తున్నవారి గురించి. (మీ రాష్ట్రంలో ఈసారి సెనేట్ స్థానానికి ఎన్నిక లేదు.)

తరువాత, ఇద్దరి మీద మీ అయిష్టం ఒకే రకమైనదో కాదో చూసుకోండి. మీ ఉత్తరంలోనే ఒకరు ‘నచ్చరు’ అన్నారు, మరొకరి మీద ‘నమ్మకం కుదరడం లేదు’ అన్నారు. ఒకరి స్వభావం మీకు గిట్టకపోవచ్చు, మరొకరి సామర్థ్యం మీద సందేహం ఉండవచ్చు, లేదా విధానాలే నచ్చకపోవచ్చు; వీటిని ఒకే తక్కెడలో వేస్తే బరువు ఎప్పటికీ తేలదు. ఎవరు చేయబోయే తప్పును కాంగ్రెస్, కోర్టులు, నాలుగేళ్ల తరువాత వచ్చే మరో ఎన్నిక సరిదిద్దగలవు, ఎవరి తప్పు అలా సరిదిద్దలేనిదిగా మిగిలిపోతుంది అని అడిగితే తేలే అవకాశం ఎక్కువ. ఆ ప్రశ్నకు మీవారికి ఒక జవాబు ఉంటుంది, మీ అబ్బాయికి దానికి పూర్తిగా ఎదురైన జవాబు ఉంటుంది, ఇద్దరూ దానికి కారణాలు చూపగలరు. మీ జవాబు మీరు వెతుక్కోవాలి కనుక, ఒక వారం పాటు వాట్సాప్ గ్రూపులలో వచ్చే వీడియోలు ఆపి, ఇద్దరి ప్రసంగాలలో ఒక్కొక్కటి ఆసాంతం, ఎవరి వ్యాఖ్యానమూ లేకుండా, ఒంటరిగా వినండి. ఎవరికి వేయాలో నేను చెప్పను. చెబితే మీ ఇంట్లో మీ ఓటు మీద హక్కు అడిగే మూడో మనిషినవుతాను.

వేసి వచ్చాక ఏం చెప్పాలని అడిగారు. ఇది రహస్య ఓటు, చెప్పనని అనడమే నిజమైన జవాబు, అందులో అబద్ధం లేదు, దాపరికమూ లేదు. ఇద్దరికీ వేర్వేరుగా, వారు వినాలనుకున్నది చెప్పడం మాత్రం చేయకండి. ఆ ఇద్దరూ ఒక రాత్రి భోజనాల దగ్గర మాట కలుపుకుంటారు. అబ్బాయికి కూడా ఇది తొలి ఓటే అయి ఉంటే, ఆ అబ్బాయి ఎవరికి వేశాడో మీరూ అడగకండి.

ముందస్తు ఓటింగ్ 2024 నవంబరు 2తో ముగుస్తుంది. మీ వేక్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) ఏ ముందస్తు కేంద్రానికైనా వెళ్లవచ్చు. అప్పటికి కుదరకపోతే నవంబరు 5న ఉదయం 6.30 నుంచి రాత్రి 7.30 వరకు మీకు కేటాయించిన కేంద్రంలోనే వేయాలి. డ్రైవింగ్ లైసెన్సో పాస్‌పోర్టో వెంట ఉంచుకోండి. ఎన్నికల బోర్డు వెబ్‌సైటులో మీ చిరునామాకు సంబంధించిన నమూనా బ్యాలెట్ దొరుకుతుంది; దానిని ముందు రోజే ఇంట్లో చదువుకుని, కింది పదవులకు ఎవరెవరు కావాలో ఒక కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లండి. ఫోను కారులో వదిలేయండి.