బాబు పాకే పెరట్లో ఏ మొక్క ఉంచాలి, ఏది తీసెయ్యాలి

బుజ్జీ,

నువ్వు పంపిన వీడియో చూశాను. బ్రాడీపేటలో అంత పెరడున్న ఇల్లు అద్దెకు దొరకడం అదృష్టమే. మీ పెదనాన్న ఆ జామచెట్టు దగ్గర రెండుసార్లు ఆపి మరీ చూశారు. నా కళ్ళు మాత్రం కింద పాకుతున్న బాబు మీదే ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

గోడవారన పసుప్పచ్చ గంటల్లాంటి పూలు పూస్తోందే, అది పచ్చగన్నేరు. ఓనర్‌తో మాట్లాడి ముందు దాన్ని కొట్టించెయ్యి. పూల సంగతి అలా ఉంచు, అది కాయలు రాలుస్తుంది. పిల్లలు వాటితో ఆడుకుంటారు, పగలగొట్టి లోపలి గింజ నోట్లో పెట్టుకుంటారు. పసివాడికి ఒక్క గింజ కూడా ఎక్కువే. ముందు వాంతులు, తర్వాత గుండె లయ తప్పుతుంది. కొట్టించేటప్పుడు దగ్గరుండు. కొమ్మలు వీధిలో పడేయనివ్వకు, మంట పెట్టనివ్వకు, ఆ పొగ కూడా మంచిది కాదు. పచ్చి ఆకు చేదుగా ఉంటుందని ఆవులు ముట్టవు గానీ, ఎండితే తినేస్తాయి.

గులాబీ రంగు గన్నేరుదీ ఇంచుమించు అదే విషం. ఆకు, పువ్వు, కొమ్మ, ఏదీ మినహాయింపు కాదు. అయినా దాన్ని తీసెయ్యమనను. నీకు పూజకి పూలు కావాలి, అది గేటు బయట ఉంది. కోశాక చేతులు కడుక్కో, చాలు.

మెట్ల పక్క కుండీలో ఆకుల మీద తెల్లమచ్చలున్న మొక్కని నర్సరీవాళ్ళు డంబ్‌కేన్ అంటారు. గాలి శుభ్రం చేస్తుందని చెప్పి అంటగడతారు. మా పక్క ఫ్లాట్‌లో ఏడాదిన్నర పిల్ల దాని ఆకు కొరికింది. పెదాలు వాచి, చొంగ కారిపోతూ, నోరు మూయలేక ఒకటే ఏడుపు. సరిగా ఉడకని కంద తింటే గొంతు గీరుతుంది చూశావా, ఇదీ ఆ కుటుంబం మొక్కే. ఆకు నిండా కంటికి కనపడని సూదులుంటాయి, అవి గుచ్చుకుంటాయి. కంద అయితే చింతపండు వేసి ఉడికిస్తాం, దీన్నేం చేస్తాం? నోరు తుడిచి, చల్లటి నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించి, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మర్నాటికి తేరుకుంది. మనీప్లాంట్‌దీ ఇదే గుణం, కాకపోతే కాస్త తక్కువ. పైకి వేలాడదీసుకో.

ఇప్పుడు నా తెలివితక్కువతనం చెబుతాను, నవ్వకు. ఒక రథసప్తమికి తెల్లవారకముందే వెళ్ళి జిల్లేడాకులు తెంపాను. ఆ పాలు వేళ్ళకి అంటాయి. చెమట పట్టిందని అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. కాస్త మండి ఊరుకుంది. నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదు. సాయంత్రం దీపం పెడితే వత్తి చుట్టూ రంగుల వలయం, ఎదురుగా పటం మసక! జిల్లేడు పాలు కంటిని మొద్దుబారుస్తాయట, లోపల పొర దెబ్బతింటున్నా నొప్పి తెలియదట. "అప్పుడే నీళ్ళతో పావుగంట కడగాల్సింది కదమ్మా" అని డాక్టరు కోప్పడ్డాడు. పదిహేను రోజులు చుక్కలు వేసుకున్నాక చూపు తేరుకుంది.

వినాయక చవితి పత్రిలో జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త మూడూ ఉంటాయని నీకు తెలుసు. మా చిన్నప్పుడు పిల్లల చేతే కోయించేవాళ్ళు, కానీ ఏది నోట్లో పెట్టకూడదో ముందే చెప్పేవాళ్ళు. ఇప్పుడు బజార్లో కట్ట కొంటాం, ఏ ఆకు ఏదో మనకే తెలియదు. పూజయ్యాక ఆ పత్రి బాబుకి అందకుండా తీసెయ్యి. ఉమ్మెత్త తోటకూర మడిలో కలిసి మొలిచినా కనిపెట్టి పీకెయ్యి. తిన్నవాళ్ళకి నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవైపోతాయి, లేనివి కనిపిస్తున్నట్టు మాట్లాడతారు.

మీ అత్తగారు షుగర్‌కి బిళ్ళగన్నేరు ఆకులు నములుతున్నారని విన్నాను. వాట్సాప్ వైద్యం! ఆ మొక్క నుంచే బ్లడ్ క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ తీస్తారు. అంత గట్టి సరుకుని నోటికొచ్చినంత నమలడమేమిటి? నా పేరు చెప్పకుండా మాన్పించు.

ఎప్పుడైనా బాబు ఏదైనా మింగాడనిపిస్తే కంగారుపడకు. నోట్లో మిగిలింది వేలితో తీసెయ్యి. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు పోసి వాంతి చేయించమని ఎవరైనా అంటారు, వినకు. ఆ ఆకో గింజో కవర్లో వేసుకుని 108కి ఫోన్ చెయ్యి, లేదా ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్ళిపో. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోకు. గురివింద గింజ కొరికితే వాంతులు మొదలవడానికి గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజు దాటొచ్చు. మీ పాత హారంలో ఆ గింజలున్నాయి కదా, అవి కూడా బీరువాలో పెట్టు.

డంబ్‌కేన్ పారేయకు. దసరాకి మీ ఊరొచ్చినప్పుడు మా బాల్కనీకి తెచ్చుకుంటాను, మా ఇంట్లో పాకేవాళ్ళెవరూ లేరు. ఆ జామ మీద మీ పెదనాన్న ఇప్పటికే కన్నేశారు, నాలుగు కాయలు ఉంచు.

మీ పెద్దమ్మ
సత్యనారాయణపురం, విజయవాడ