వంద కిలోమీటర్ల రైడుకు ముందు పది వారాలు

చిరంజీవి శ్రావణికి బాబాయి ఆశీస్సులు.

పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేసే వంద కిలోమీటర్ల సైకిల్ రైడుకు పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. పది వారాలు సరిపోతాయి. ఇంట్లో ఉన్న హైబ్రిడ్ సైకిలూ సరిపోతుంది, కొత్తది కొనకు. ఇలాంటి రైడుల్లో మధ్యలో దిగిపోయేవాళ్లు కాళ్లలో సత్తువ లేక దిగిపోవడం తక్కువ. కూర్చోలేకో, వేళకి తినకో దిగిపోతారు. అందుకే ముందు సీటు సంగతి చూసుకో.

గోడ పట్టుకుని సైకిలెక్కి, ఒక పెడల్ని పూర్తిగా కిందికి తెచ్చి దానిమీద మడమ ఆనించు. కాలు నిటారుగా రావాలి, నడుము పక్కకి ఒరగకూడదు. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందుభాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగుతుంది. కావలసింది ఆ వంపే. కూర్చుని రెండు కాళ్లూ నేలకి ఆనాలని చాలామంది సీటు దించేస్తారు, నాలుగు వారాలు తిరక్కుండానే మోకాలిచిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. మరీ ఎత్తు పెడితే మోకాలి వెనక లాగుతుంది, తుంటి అటూ ఇటూ ఊగి ఒరుసుకుపోతుంది. మార్చినప్పుడల్లా 5 మిల్లీమీటర్లు మించకు. పాత మట్టం దగ్గర సీటు రాడ్‌కి టేపు చుట్టి ఉంచు.

సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది, చిటికెనవేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కుతాయి. నేలకి సమాంతరంగా పెట్టు. మెత్తటి జెల్ కవరు అంటగట్టబోతారు, వద్దు. గంట దాటాక అందులో దిగబడిపోయి, ఒత్తుకోకూడని చోట ఒత్తుకుంటుంది. ఆ డబ్బు ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్‌కి పెట్టు. లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరిసి పుండ్లు పడతాయి.

ఇక సాధన. వారం మధ్యలో రెండు రోజులు ముప్పావు గంట నుంచి గంట, ఆదివారం పెద్ద రైడు. ఆదివారాలు వరసగా 25, 32, 40 కిలోమీటర్లు. నాలుగో వారం 30కి దిగు. తర్వాత 48, 57. ఏడో వారం మళ్లీ 45. ఎనిమిదో వారం 72. తొమ్మిదో వారం 40. పదో వారం మధ్యలో రెండుసార్లు అరగంట తేలిగ్గా తొక్కి ఊరుకో. దిగే వారాలు సోమరితనం కాదు, కండ కోలుకునేది అప్పుడే. 72 దాటకుండా వంద ఎలా అని భయపడకు. మంచి తిండీ జట్టూ ఉంటే మిగతాది నడుస్తుంది. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం చాలు. మాట తెగుతుంటే తగ్గించు. బరువైన గేరు వేసి బలంగా తొక్కడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ మోకాళ్లు అరుగుతాయి. తేలిక గేరులో పెడలు నిమిషానికి 80 చుట్ల దాకా తిరగనీ. ఎత్తు మొదలవకముందే గేరు మార్చు. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను పట్టేస్తుంది, ఒక్కోసారి తెగుతుంది.

వారం మధ్య రైడులకి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ హాయి. రెండు ముక్కలూ కలిపి 23 కిలోమీటర్లు, లారీల భయం లేదు. అయితే అక్కడే తిరిగితే గతుకులూ స్పీడ్ బ్రేకర్లూ అలవాటు కావు. ఆదివారం తెల్లవారగానే శంకరపల్లి వైపు వెళ్లు. స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండు పెడళ్లూ సమంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి, మోచేతులు వంచు. కుక్కలు వెంటపడితే వేగం పెంచకు. ఆగి దిగి, సైకిల్ని నీకూ వాటికీ మధ్య పెట్టి నడువు.

తిండి దగ్గర చాలామంది తప్పేది ఒక్కచోటే: ఆకలేశాక తింటారు. అప్పటికే ఆలస్యం. కళ్లు తిరుగుతాయి, కాళ్లు కదలవు, తిన్నది అందుకోవడానికి మరో అరగంట పడుతుంది. బయల్దేరడానికి రెండు గంటల ముందు నాలుగు ఇడ్లీలు తిను. పూరీ, నెయ్యి దోసె ఆ రోజు వద్దు, నూనె కడుపులో కూర్చుంటుంది. బయల్దేరిన ముప్పావు గంట నుంచే మొదలుపెట్టి, గంటకొక అరటిపండూ ఒక చిన్న పల్లీ చిక్కీనో రెండు ఖర్జూరాలో. ఫోన్‌లో ప్రతి 15 నిమిషాలకీ అలారం పెట్టి, మోగినప్పుడల్లా నాలుగైదు గుక్కలు తాగు. గంటకి అర లీటరు, ఎండ ముదిరితే ముప్పావు లీటరు.

ఒక సీసాలో మంచినీళ్లు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్. మందుల షాపులో దొరికే పొడి కొను, డబ్బాలో వచ్చే తియ్యటి డ్రింకు కాదు. లీటరు ప్యాకెట్‌ని అర లీటరు సీసాలో కలిపితే చిక్కనై వికారం పుడుతుంది. కొబ్బరిబోండం మంచిదే, కానీ చెమటలో పోయే సోడియం అందులో తక్కువ. ఉప్పు చల్లిన మజ్జిగ దానికన్నా నయం. రైడు రోజు కొత్తదేదీ నోట్లో పెట్టకు, కొత్త షార్ట్స్ కూడా వేసుకోకు.

పంక్చర్ వెయ్యడం ఇంట్లోనే నేర్చుకో. స్పేర్ ట్యూబు రెండు, టైరు ఊడదీసే లీవర్లు రెండు, చిన్న పంపు, బోల్టులు బిగించే అలెన్ కీల సెట్టు సీటు కింద సంచిలో ఉండాలి. ట్యూబు మార్చే తొందరలో అందరూ మరిచేది టైరు లోపల చెయ్యి పెట్టి తడమడం. తుమ్మముల్లు అందులోనే ఉంటే కొత్త ట్యూబూ పది నిమిషాల్లో పోతుంది. వేళ్లు తెగకుండా గుడ్డతో తడుము. పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము కొరికిందన్నమాట. నీ 35 మిల్లీమీటర్ల టైర్లకి వెనక 60, ముందు 55 పీఎస్ఐ గాలి కొట్టు. నీ వాల్వు సన్నదైతే బంకులో గాలి పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తగిలించి ఉంచు. చైనుకి రెండు వారాలకోసారి లింకుకో చుక్క నూనె వేసి, పెడళ్లు తిప్పి, పైనున్నదంతా గుడ్డతో తుడిచెయ్యి. తుడవకపోతే దుమ్ము అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది.

జట్టులో తొక్కేటప్పుడు నీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రం పక్కకి చేరనివ్వకు. వాళ్లు ఒక్కసారి పక్కకి తిరిగితే పడేది నువ్వే. గుంత కనిపిస్తే వేలు చూపించి నోటితోనూ చెప్పు.

విరాళాలు నీ ఖాతాలో వేయించుకోకు, సంస్థ ఖాతాకే నేరుగా వెళ్లనీ. తర్వాత లెక్క చెప్పే బాధ తప్పుతుంది. పన్ను మినహాయింపు రసీదు అడిగేవాళ్ల దగ్గర పాన్ నంబరు తీసుకో. రెండు వేల రూపాయలు దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పు. చుట్టాల్ని అడగడానికి మొహమాటపడితే ఆ జాబితా నాకు పంపు, మీ పిన్ని చూసుకుంటుంది.

మొదటి ఆదివారం తొక్కాక మోకాలి ముందు నొప్పో వెనక నొప్పో గమనించి ఫోన్ చెయ్యి. సీటు పైకా కిందికా చెబుతాను.

మీ బాబాయి