చలిలో పరుగుకు బయల్దేరే ముందు

చిట్టితల్లీ,

ఈ చలికాలమంతా పరుగు మానకుండా, చివర్లో 21 కిలోమీటర్ల పోటీకి వెళ్తున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత పరుగు పట్టుకున్నది నువ్వే. ఎంత మురిసిపోయానో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. "బట్టలదేముంది, ఏదో ఒకటి వేసుకుంటా" అన్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం.

షూ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. బయల్దేరే ముందు ఎన్ని డిగ్రీలో చూసి ఊరుకోకు, గాలీ వానా కూడా చూడు. సున్నా డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 5లా తగులుతుంది. పరుగులో ఒళ్ళు వేడెక్కుతుంది కాబట్టి, బయట ఉన్నదానికంటే ఓ పది డిగ్రీలు ఎక్కువే ఉందనుకుని బట్టలు వేసుకో. గుమ్మం దాటగానే కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టే. మొదట్లోనే వెచ్చగా ఉంటే మూడో కిలోమీటరుకల్లా చెమటలో తడిసిపోతావు.

ఒంటిని అంటుకుని ఉండేది మాత్రం కాటన్ వద్దు. వద్దంటే వద్దు. ఎందుకో చెబుతాను.

అప్పటికి నేను ఆరేళ్ళుగా పరుగెత్తుతున్నాను. కొత్తదాన్నేం కాదు. ఆ పొద్దున ఎండ కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. లోపల ఫుల్ చేతుల కాటన్ టీషర్టు, పైన మందపాటి కాటన్ స్వెట్‌షర్టు వేసుకున్నాను. గాలికి వేసుకునే పల్చటి జాకెట్ కొక్కేనికి వేలాడుతోంది. చేత్తో పట్టుకుని కూడా, ఎండ చూసి వదిలేశాను. నాలుగో కిలోమీటరుకు చెమటలు పట్టాయి. స్వెట్‌షర్టు విప్పి నడుముకు కట్టుకున్నాను. తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి తిరిగాను. అంతదాకా వీపు మీద చెయ్యేసి తోసినట్టున్న గాలి ఒక్కసారిగా ఎదురొచ్చింది, దాని వెంటే జల్లు. అయినా పరుగెత్తుతున్నంతసేపూ బాగానే ఉంది. పదమూడో కిలోమీటరు దగ్గర చీలమండ మెలిక పడింది. ఇక నడకే.

నడక మొదలుపెట్టిన ఐదు నిమిషాల్లో ఒంట్లో వేడంతా పోయింది. స్వెట్‌షర్టు తొడుక్కుంటే తడిసిన బొంత కప్పుకున్నట్టుంది. కాటన్ నీళ్ళను పీల్చుకుని వదలదమ్మా. నీళ్ళు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. జేబులో ఫోనుంది, కానీ వేళ్ళు కొంకర్లు పోయి ఆ చిన్న జిప్పు తీయలేకపోయాను. ఇంటికి ఫోన్ చేస్తే సరిపోయేది. ఆ ఒక్క పని నా చేతులకు రాలేదు. దారిన పోతున్న ఒకాయన కారాపి "ఎక్కడికమ్మా?" అని అడిగితే, మాట ముద్దగా వచ్చింది. ఆయన తన కోటు విప్పి నాకు కప్పి ఇంటి దగ్గర దింపాడు. పేరు కూడా అడగలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఇదంతా మీ అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే ప్రమాదం. 2021 మే నెలలో చైనాలోని గాన్సులో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. మధ్యలో వాతావరణం మారిపోయి, వడగళ్ళు, గడ్డకట్టించే వాన, పెనుగాలి. 172 మందిలో 21 మంది చనిపోయారు. వాళ్ళలో దేశంలోనే పేరున్న పరుగువాళ్ళున్నారు. చాలామంది టీషర్టూ షార్ట్సుతోనే ఉన్నారు. గాలిని ఆపే జాకెట్ ఆ పోటీలో తప్పనిసరి కాదు. ఆ వార్త చదివిన రోజు కొక్కేనికి వేలాడుతున్న నా జాకెట్టే కళ్ళ ముందు కనిపించింది.

అందుకే, పరుగెత్తేటప్పుడు ఏం కావాలో చూడటంతో సరిపెట్టకు. ఎక్కడో ఆగిపోయి అరగంట నడవాల్సి వస్తే ఏం కావాలో కూడా చూసుకో. లోపల పాలిస్టర్ బట్టో, మెరీనో అనే జాతి గొర్రెల పల్చటి ఉన్ని బట్టో వేసుకో. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం మిగులుస్తుంది, నాకైతే అదే ఇష్టం. బాగా చలిగా ఉంటే దాని మీద ఇంకో పొర. ఆపైన గాలిని ఆపే జాకెట్, మడిస్తే పిడికిట్లో పట్టేది. ఎండ ఉన్నా సరే, నడుముకు కట్టుకునే వెళ్ళు. చెమట బయటికి పోనివ్వని ప్లాస్టిక్ లాంటిది మాత్రం కొనకు, వాన పడకుండానే లోపల తడుస్తావు. చెమట పట్టక ముందే జిప్పు కొంచెం దించు, విప్పేదాకా ఆగకు.

గ్లవ్స్ మర్చిపోతే నాకు నిజంగా కోపం వస్తుంది. చెవులు కూడా కప్పుకో. చిన్నప్పుడు టోపీ పెట్టగానే పీకి పారేసేదానివి, నీ వెనకే టోపీ పట్టుకుని తిరిగేదాన్ని. ఇప్పుడు నీ వెనక పరుగెత్తడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు.

వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళు, చెమటతో తిరిగొచ్చేటప్పుడు అది వెనక నుంచి ఉంటుంది. ఏ దారిన వెళ్తున్నావో అమ్మకు చెప్పు. ఇంటికి రాగానే ముందు తడి బట్టలు మార్చుకో, తల తుడుచుకో. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి. ఎంత పొద్దునైనా ఎత్తుతాను.

నీ పెద్దమ్మ