గొంతులో కాసిన కాయలు

అమ్మలూ,

మొన్న ఫోనెత్తి మీ ఆయనేమో అనుకున్నాను. నువ్వు నవ్వేశావు గానీ ఆ నవ్వులో కూడా సగం గాలే. రెండు నెలలుగా గొంతు ఇలాగే బొంగురుగా ఉందంటున్నావు, ఇంకా పటికబెల్లం బుగ్గన పెట్టుకుని క్లాసుకు పోతున్నావు. ఒకప్పుడు నేను చేసిందీ అదే. ఫోన్లో చెబితే నువ్వు తిరిగి మాట్లాడతావని ఉత్తరం రాస్తున్నాను.

రాజాం దగ్గర పనిచేసినప్పుడు నాకు ఒకే గదిలో అరవై మంది పిల్లలు, పైన రేకులు. వాన పడితే నా మాట నాకే వినపడేది కాదు. శనివారానికి గొంతు పోయేది, సోమవారానికి వచ్చేది. కొన్నాళ్ళకి సోమవారానికి కూడా రావడం మానేసింది. ఒక డాక్టరు మూడుసార్లు యాంటీబయాటిక్స్ రాశాడు. టార్చి వేసి నోట్లోకి చూశాడు, అంతే. మాట పుట్టించే స్వరతంత్రులు అంత పైకి ఉండవు కదా, టార్చికేం కనిపిస్తాయి?

చివరికి విశాఖలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి టీవీలో చూపించింది. రెండు తెల్లటి మడతలు, అవే స్వరతంత్రులు, వాటి అంచుల మీద ఎదురెదురుగా ఆవగింజలంత బొడిపెలు. "ఈ... అనండి" అంది. మడతలు దగ్గరకొచ్చాయి గానీ ముందు ఆ బొడిపెలే తగులుకున్నాయి, వాటికి అటూ ఇటూ సందు మిగిలిపోయింది. అందులోంచి పోయే గాలే నా బొంగురు.

రోకలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే అన్నమాట. ఆడవాళ్ళు మాట్లాడేటప్పుడు ఆ మడతలు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. అరిచామంటే ఆ తగలడం దెబ్బగా మారుతుంది. కదిలే భాగానికి సరిగ్గా నడిమధ్యన దెబ్బ ఎక్కువ, అందుకే కాయ అక్కడే, రెండు వైపులా కాస్తుంది. వీటిని నాడ్యూల్స్ అంటారు. టీచర్లకి, పాడేవాళ్ళకి, వీధిలో అరుచుకుంటూ ఆడే పిల్లలకి వచ్చేవి ఎక్కువగా ఇవే. క్యాన్సర్ కాదు, ఆ టెన్షన్ వద్దు.

కానీ నీదీ అదేనని నేను అనుకుంటే చాలదు. సిరిమాను సంబరంలో తప్పిపోయిన పిల్లాడి కోసం కేకలేసి మీ చిన్నమామయ్య మర్నాటికి గొంతు పోగొట్టుకున్నాడే, అతనిది పాలిప్. ఒక్క కేకకే లోపల చిన్న రక్తనాళం చిట్లి, సాధారణంగా ఒక వైపే, బుడగలా లేస్తుంది. సిస్ట్ అయితే లోపలి పొరలో సంచిలా ఉంటుంది, జిగురు వచ్చే గ్రంథి దారి మూసుకుపోయినా వస్తుంది. అది వ్యాయామాలతో పోయేది కాదు, ఎక్కువగా ఆపరేషన్ చేసి తీస్తారు. పొగతాగేవాళ్ళకి మడతలు మొత్తం నీరుపట్టినట్టు ఉబ్బి, ఆడవాళ్ళకి కూడా మగగొంతు వస్తుంది. చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన ముసలమ్మల గొంతు మారితే మాత్రం ముందు క్యాన్సర్ లేదని తేల్చుకోవాల్సిందే.

నాలుగు వారాలు దాటిన బొంగురుని ఊరికే వదలకూడదు, నీకు ఎనిమిది దాటాయి. వెళ్ళి నాకు వేసినట్టు ఆ గొట్టం, స్కోప్ అంటారు, వేయమని అడుగు. నాడ్యూల్సే అయితే చాలావరకు కత్తి అక్కర్లేదు, స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాలు మాట్లాడటం నేర్చుకోవాలి. నలభై ఏళ్ళ వయసులో మాట్లాడటం నేర్చుకోవడమా అని నాకు నామోషీ వేసింది. పొట్టతో ఊపిరి తీసి, గొంతు బిగించకుండా మాట పైకి తేవడం నిజంగానే నాకు రాదని రెండో రోజుకి తెలిసింది. నాకు మూడు నెలలు పట్టింది. కోయించుకుని మళ్ళీ అలాగే అరిచిన మా తోటి టీచరుకి ఏడాది తిరక్కుండా మళ్ళీ కాశాయి.

ఈలోగా గుసగుసలు మానెయ్. గొంతుకి విశ్రాంతి అనుకుంటాం గానీ గట్టిగా గుసగుసలాడినా అది బిగుసుకుపోతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నావు, ఫోన్లో లెక్కపెట్టాను, ఏడుసార్లు. అలా అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు మింగు. రాత్రి తిని వెంటనే పడుకోకు, పుల్లటి తేన్పులు గొంతు దాకా వచ్చినా మడతలు వాస్తాయి. పిల్లల్ని పిలవాలంటే బల్ల మీద తట్టు.

నా పాత కాలర్ మైకు ఇంకా బీరువాలోనే ఉంది. తీగ బాగానే ఉంది, బ్యాటరీ మార్చాలి. ఆదివారం మీ తమ్ముడితో పంపిస్తాను.

పెద్దమ్మ
విజయనగరం